అదే డబ్బుకు బంగారం కొనుంటే అంటున్నారు మా వారు

రామంతాపూర్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 51 ఏళ్లు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు. పుట్టిల్లు వేములవాడ దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్ల కింద ఆఫీసు పనిమీద మాదాపూర్ వెళ్లి, వాన పడుతుంటే స్టేట్ ఆర్ట్ గ్యాలరీలోకి వెళ్లి నిలబడ్డారు. లోపల ఒక తెలంగాణ చిత్రకారుడి ప్రదర్శన జరుగుతోంది. ఆయన మనుషుల్నే గీస్తారు. బస్టాండులో మూటల మీద కూర్చున్న ముసలమ్మలు, బోనం ఎత్తే ముందు కొంగు సర్దుకునే పిల్ల, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఆ బీడీల బొమ్మ దగ్గర ఈమె గంటసేపు ఉండిపోయారట. వాళ్లమ్మ బీడీలు చుట్టే ఈమెను డిగ్రీ దాకా చదివించింది. ఆ రోజు కొన్నది కాగితం మీద గీసిన చిన్న బొమ్మ, 18 వేలు. ఇప్పుడు అదే చిత్రకారుడివి ఇంట్లో పదమూడు ఉన్నాయి: కాగితం మీద ఎనిమిది, సెరిగ్రాఫులు (తెర మీంచి రంగు దింపి కొన్ని కాపీలుగా అచ్చువేసే బొమ్మలు) మూడు, కాన్వాసులు రెండు. అన్నీ తన జీతంలోంచే కొన్నారు.

పద్నాలుగోది ఇంట్లో లేదు. పోయిన దసరాకు, ఆ చిత్రకారుడు తనకు బాగా దగ్గరని చెప్పుకునే ఒక మధ్యవర్తి దగ్గర 3 లక్షల 40 వేలకు ఒక పెద్ద కాన్వాసు తీసుకున్నారు. అందుకోసం 3 లక్షలు పర్సనల్ లోన్ పెట్టారు. నెలకు 6,500 జీతంలో కట్ అవుతోంది. భర్తకు తెలియదు. బొమ్మను ప్లాస్టిక్ షీటులో చుట్టి బోడుప్పల్‌లో తమ్ముడింట్లో మంచం కింద పెట్టించారు. బిల్లు లేదు, సర్టిఫికెట్ ఫోటో మాత్రం వాట్సాప్‌లో వచ్చింది. ఆమెకు ఇప్పుడు ఆ బొమ్మ మీదే అనుమానం.

మాఘమాసంలో కూతురి పెళ్లి. ఖర్చుల దగ్గర భర్త అన్న మాట ఇది: "గీ బొమ్మలన్ని అమ్మినా పిల్ల పెండ్లిల పెట్టుపోతలకు కూడ రావు. గవే పైసలకు బంగారం కొనుంటే ఇయ్యాల నిశ్చింతగ ఉందుము." అన్నీ అమ్మేయమంటున్నారు. అమ్మాలా? అనుమానం ఉన్నదాన్ని ఏం చేయాలి? లోన్ సంగతి ఎలా చెప్పాలి? బోనం బొమ్మను పెళ్లిపత్రిక మీద వేయించుకోవచ్చా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివరి పేజీలో, సంతకానికి పైన, ఇంకో వాక్యం ఉంది. దాని గురించి ఆమె ఏమీ అడగలేదు. "మొన్న మా పాప, 'అమ్మా, ఆ బొమ్మల్ని చూసినట్టు నన్నెప్పుడైనా చూశావా' అంది."

*

అమ్మా, మీ ఉత్తరం చదవగానే ముందు నాకు టెన్షన్ పెట్టింది భర్తా కాదు, లోనూ కాదు. మంచం కింది ప్లాస్టిక్ షీటు. అందుకని అక్కడే మొదలుపెడతాను.

వానాకాలంలో ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టిన బొమ్మకు గాలి ఆడదు. లోపల చిక్కిన చెమ్మ బయటికి పోదు, కాన్వాసు వెనకవైపు బూజు పడుతుంది. అక్రిలిక్ రంగు ఆరిపోయినా వేడికి మెత్తబడే గుణం ఉన్నది, ఎండాకాలం గడిచిందంటే ప్లాస్టిక్ దానికి అంటుకుని ఉండొచ్చు. ఎక్కడైనా అంటుకున్నట్టు కనిపిస్తే లాగకండి, అలాగే ఉంచి పాత బొమ్మలు బాగుచేసే వాళ్లకు చూపించండి. లేకపోతే షీటు విప్పి, ఉతికిన పాత నూలు దుప్పటి వదులుగా కప్పి, నేల మీద కాకుండా చెక్కపీట మీద, బాత్రూం గోడకూ వాన కొట్టే బయటి గోడకూ దూరంగా నిలువుగా ఆనించమనండి. తడిగుడ్డతో తుడవనివ్వొద్దు. అది అసలుదైనా కాకపోయినా ఈ పని ముందు చేయాలి. అసలుదైతే బొమ్మ దక్కుతుంది, కాకపోతే రుజువు దక్కుతుంది.

ఇప్పుడు అనుమానం సంగతి. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటు అదే. ఆయన బొమ్మల్లో భుజం దగ్గర మొదలైన గీత మోచేయి దాకా ఒక్క ఊపులో వస్తుందనీ, ఎక్కడా కుంచె ఎత్తినట్టు ఉండదనీ రాశారు. ఈ కాన్వాసులో అదే గీత మూడు చోట్ల ఆగి, అతికినట్టు ఉందన్నారు. గాజుల దగ్గర రంగు గీత దాటి బయటికి వచ్చి, దాన్ని మళ్లీ కప్పిన గుర్తు ఉందన్నారు. పన్నెండేళ్లు రోజూ చూసిన కన్ను అది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. చూసి గీసేవాడు గీత ఎటు పోవాలో ప్రతి అంగుళానికీ సరిచూసుకుంటాడు కాబట్టి చెయ్యి ఆగుతుంది. కానీ పెద్ద చిత్రకారులకు కూడా చెయ్యి సాగని రోజులుంటాయి, వయసు మీద పడితే గీత మారుతుంది కూడా. అందుకే మీ కన్ను మీకు చాలు గానీ ఇంకొకరి ముందు రుజువుగా పనికిరాదు.

మీ ముందు దారులు మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, చిత్రకారుడినే అడగడం. ఆయన్ను రెండుసార్లు కలిశాననీ, మనసు కష్టపెట్టుకుంటారేమోనని భయమనీ రాశారు. ఆయన సంతకాన్ని ఇంకెవరో పెట్టి అమ్ముతుంటే నష్టం మీకంటే ఆయనకే ఎక్కువ. ఆ సంగతి ఆయనకు తెలియజేయడం మర్యాద తప్పడం అవదు. అయితే ఫోన్ చేసి "ఇది మీదేనా" అని నిలదీయకండి. మీకు మొదట అమ్మిన గ్యాలరీ ద్వారా వెళ్లండి. బొమ్మ ముందువైపు, వెనకవైపు, సంతకం, కాన్వాసు బిగించిన చెక్క మీద మేకులు, పగటి వెలుతురులో విడివిడిగా ఫోటోలు తీసి పంపండి. ఆయన "నాదే" అంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి, మీ టెన్షన్ సగం తీరుతుంది. "నాది కాదు" అంటే 3 లక్షల 40 వేలు పోయినట్టే అనుకుని, రాబట్టే ప్రయత్నం మొదలుపెట్టాలి. ఆయన మీకు పరిహారంగా ఇంకో బొమ్మ ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆయన చేసిన తప్పేమీ లేదు.

రెండు, నేరుగా మధ్యవర్తిని పట్టుకోవడం. బిల్లు, అసలు సర్టిఫికెట్, బొమ్మ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. నిజాయితీపరుడైతే వారంలో ఇస్తాడు. కాకపోతే ఫోన్ ఎత్తడం మానేస్తాడు, చాట్లు డిలీట్ చేస్తాడు. కాబట్టి అడగడానికి ముందే వాట్సాప్ సంభాషణ మొత్తం దాచుకోండి, డబ్బు పంపిన స్టేట్‌మెంట్ ప్రింటు తీసుకోండి. ఇది మీకు ఒకరు చెప్పాల్సిన పని కాదు, మీరు బ్యాంకులోనే ఉన్నారు. నకిలీ అని తేలితే భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను మోసానికి సంబంధించింది. పోలీసుల దగ్గరికి వెళ్తే ఈ కాగితాలే మాట్లాడతాయి. అయితే కేసంటే ఇంట్లో తెలియకుండా నడవదు, ఎంత కాలం పడుతుందో కూడా చెప్పలేం.

మూడు, ఏమీ చేయకుండా ఊరుకోవడం. చాలామంది చేసేది ఇదే, అడగకపోతే అసలుదే అని మనసుకు చెప్పుకోవచ్చు కాబట్టి. ఇలా ఉంటే రేపు డబ్బు అవసరమై దాన్ని అమ్మాల్సి వచ్చినప్పుడు మీరూ ఆ మధ్యవర్తి చోటులోకే వెళ్తారు. అనుమానం ఉందని తెలిసి, చెప్పకుండా అమ్మితే కొన్నవాళ్లకు మీరే సమాధానం చెప్పుకోవాలి. ఈ దారి మీకు నప్పదనే నా ఉద్దేశం. నకిలీ గురించి ఇంత వివరంగా రాసిన మనిషి ఊరుకుని నిద్రపోలేరు.

ఇదే పనిలో మిగతా వాటినీ ఒకసారి చూసుకోండి. సెరిగ్రాఫులు మూడింటి మీదా కింద అంచున పెన్సిలుతో సంఖ్య ఉండాలి, 37/100 లాగా (వంద కాపీల్లో 37వది అని), పక్కన చిత్రకారుడి సంతకం. భూతద్దం పెట్టి చూడండి. చేత్తో అచ్చువేసిన సెరిగ్రాఫులో ఒక్కో రంగూ పూత పూసినట్టు నిండుగా, అంచు తెగినట్టు కనిపిస్తుంది. పత్రికల్లో ఫోటోలా సన్నటి రంగురంగుల చుక్కలు కనిపిస్తే అది మిషను ప్రింటు. గ్యాలరీ బిల్లున్న వాటి గురించి భయం అక్కర్లేదు. కాగితం బొమ్మల్లో ఎండ తగిలే గోడకు ఉన్నవాటిని మాత్రం ఈ వారమే మార్చేయండి. అద్దం బొమ్మకు ఆనుకుని ఉంటే మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ అంచులా వచ్చే దళసరి బోర్డు, పెట్టించి మళ్లీ ఫ్రేము కట్టించండి. మౌంటు యాసిడ్ లేని బోర్డు అయ్యుండాలని గట్టిగా అడగండి, మామూలు అట్టముక్క వేస్తే పదేళ్లలో కాగితం చుట్టూ పసుపు చారలొస్తాయి.

ఇక బంగారం మాట. ఈ లెక్కలో మీ వారితో వాదించకండి, ఓడిపోతారు. 2013లో పది గ్రాములు ముప్పై వేలకు అటూ ఇటూ ఉన్న బంగారం 2025లో లక్ష దాటింది. మీ బొమ్మల్లో ఒకటీ అరా అంతకు మించి పెరిగి ఉండొచ్చు, అన్నీ పెరగవు. బంగారానికి రోజూ రేటు ఉంటుంది, ఏ కొట్టుకు పట్టుకెళ్లినా తీసుకుంటారు, మీ బ్యాంకే దాని మీద గంటలో లోన్ ఇస్తుంది. బొమ్మకు ఆ బొమ్మే కావాలనుకునే మనిషి దొరకాలి. ఆయన చెప్పింది నిజమని ఒప్పుకోండి, లాభం కోసం కొనలేదని కూడా చెప్పండి. మీరు పన్నెండేళ్లుగా "వీటి విలువ పెరుగుతుంది" అనే కదా ఇంట్లో సర్దిచెబుతూ వచ్చారు! ఉత్తరంలో మీరే రాశారు. ఆ మాట మీరు నమ్మి చెప్పింది కాదు, కొనడానికి ఒక కారణం చూపించాలి కాబట్టి చెప్పింది. ఆయన ఇప్పుడు ఆ మాటే పట్టుకుని లెక్క అడుగుతున్నారు. అందులో ఆయన తప్పు నాకు కనిపించలేదు.

"మన ఊర్ల చూసిన ఆడోళ్లే గద" అని ఆయన ఎప్పుడూ అంటారని రాశారు. అవును, ఆ ఆడవాళ్లే. సిద్దిపేట కాపు రాజయ్య గారు గీసిందీ తన చుట్టూ ఉన్న బతుకమ్మల్నీ బోనాల్నే. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారూ, బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గారూ హైదరాబాదులో చదువుకుని, బరోడా వెళ్లి చిత్రకళా గురువు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని వచ్చారు. అంత చదువూ చదివి, గీయడానికి మాత్రం తమ ఊరి మనుషుల దగ్గరికే తిరిగి వచ్చారు. ఊరి చివర నిలబడ్డ మనిషి బొమ్మై గోడ మీదికి ఎక్కడానికి యోగ్యమైన మనిషేనని వీళ్లు ఒక తరానికి నమ్మకం కలిగించారు. మీ చిత్రకారుడు ఆ తోవలో వచ్చినవారే. ఇది నాకు ఇష్టమైన సంగతి కాబట్టి ఇంత రాస్తున్నాను, మీ వారిని గెలవడానికి వాడుకోమని కాదు.

అన్నీ అమ్మాలా అంటే, పెళ్లి తొందరలో అన్నీ ఒకేసారి అమ్మకానికి పెడితే మీకు అవసరమని అవతలివాళ్లకు తెలిసిపోతుంది, ధర పడిపోతుంది. గ్యాలరీ ద్వారా అమ్మితే వాళ్ల వాటా పోతుంది, అది చిన్నదేమీ కాదు. పైగా బొమ్మలు ఇంటి సామాను కింద రావు. పాత సోఫా అమ్మితే పన్ను లేదు గానీ, బొమ్మ అమ్మి లాభం వస్తే క్యాపిటల్ గెయిన్స్ కిందికి వస్తుంది. రెండేళ్లు దాటి మీ దగ్గర ఉన్నదైతే లాభం మీద పన్ను 12.5 శాతం, పైన సెస్సు. మళ్లీ అమ్మినప్పుడు ధర పదివేలు దాటితే అందులో చిత్రకారుడు వాటా అడగొచ్చని కూడా 1957 కాపీరైట్ చట్టంలో ఉంది. పది శాతానికి మించదు. ఎవరూ అడగరులే అని ఊరుకోకుండా, అమ్మే ముందు ఆయనకు ఒక మాట చెబితే బావుంటుంది. కొన్నిసార్లు కొనేవాళ్లను ఆయనే చూపిస్తారు.

నన్నడిగితే, గ్యాలరీ బిల్లున్న రెండు కాన్వాసుల్లో ఒకటి ఇప్పుడే, పెళ్లికి ఐదారు నెలల టైము ఉండగానే అమ్మకానికి పెట్టి, వచ్చినదాంతో లోన్ తీర్చేయడం ఒక పద్ధతి. లోన్ పోతే నెలనెలా 6,500 మిగులుతుంది, ఇంట్లో మాట్లాడటానికి కాళ్ల కింద నేల ఉంటుంది. కాన్వాసు పోతుంది, దాని చోట గోడ బోసిగా కనిపిస్తుంది, కొన్నాళ్లు బాధ పడతారు. వద్దనుకుంటే లోన్ మీ జీతంలోనే తీరిపోతుంది, ఇంకో నాలుగేళ్లు పడుతుందంతే. కాగితం బొమ్మలూ సెరిగ్రాఫులూ అమ్మితే పెళ్లి ఖర్చులో ఒక మూలకు కూడా రావు, వాటి జోలికి వెళ్లకండి. ఏం చేసినా ఆ మధ్యవర్తి చేతికి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వకండి.

లోన్ సంగతి మీ వారికి ఎప్పుడు చెప్పాలన్నది కష్టమైన ప్రశ్న. బొమ్మ అసలుదని తేలాక చెబితే మాట కొంచెం తేలిక. కానీ నకిలీ అని తేలితే, అప్పు చేశాననీ, మోసపోయాననీ రెండూ ఒక్కరోజే చెప్పాల్సి వస్తుంది. అప్పుడు ఆయన కోపం మీ మీద నుంచి బొమ్మల మీదికి పోతుంది, పదమూడూ గోడల మీంచి దిగుతాయి. చిత్రకారుడి జవాబు రాకముందే చెబితే మొదట గొడవ గట్టిగానే ఉంటుంది. అయితే ఆ తర్వాత మీ వారిని వెంటబెట్టుకుని బోడుప్పల్ వెళ్లి బొమ్మ చూపించొచ్చు, మధ్యవర్తితో మాట్లాడేటప్పుడు ఆయన మీ పక్కన ఉండొచ్చు. మీ జీతం మీ ఇష్టం, అది నేనూ ఒప్పుకుంటాను. అప్పు మాత్రం పెళ్లి పెట్టుకున్న ఇంటిది. మీ తమ్ముడికి తెలిసి మీ వారికి తెలియకపోవడం ఆయనకు 3 లక్షల కంటే ఎక్కువ గుచ్చుకుంటుందని నా భయం. ముందే చెప్పడం వైపే నేను మొగ్గుతాను. మీ ఇంటి గాలి మీకు తెలుసు కాబట్టి నిర్ణయం మీదే.

పెళ్లిపత్రిక సంగతి చిన్నది. బొమ్మ కొన్నంత మాత్రాన దాన్ని అచ్చు వేసుకునే హక్కు రాదు, అది చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, ఆయన పోయాక కూడా అరవై ఏళ్లు వారసులకు ఉంటుంది. ఒక ఉత్తరం రాసి అనుమతి అడగండి. పత్రిక వెనక ఆయన పేరు వేయండి.

ఇక మీరు అడగనిది. "ఆ బొమ్మల్ని చూసినట్టు నన్నెప్పుడైనా చూశావా." ఈ మాటను మీరు ఉత్తరం చివర పెట్టి, వెంటనే సంతకం చేసేశారు. మీ పాప బొమ్మల్ని వద్దనలేదు, అమ్మేయమనీ అనలేదు. అమ్మ పొద్దున కాఫీ పట్టుకుని ఆ గోడ ముందు నిలబడితే మొహం ఎలా మారుతుందో చిన్నప్పటి నుంచీ చూసిన పిల్ల, ఆ మొహం తన వైపు తిరగాలని కోరుకుంది. ఆ మార్పు ఎందుకొస్తుందో ఆమెకు తెలియదేమోనని నాకనిపిస్తోంది. మీ అమ్మగారు పోయేటప్పటికి పాపకు మూడేళ్లని రాశారు. బీడీల సంగతి "ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు" అని కూడా రాశారు. ఆరు పేజీల్లో నాకు చెప్పింది పాపకు చెప్పారా?

అమ్మినా ఉంచినా బొమ్మలన్నింటికీ ఒక పుస్తకం రాయాల్సిందే. ఏ బొమ్మ, ఎంత సైజు, కాగితమా కాన్వాసా, ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారు, బిల్లు ఏ ఫైల్లో ఉంది. రేపు గ్యాలరీ అడిగేదీ, పోలీసులు అడిగేదీ, మీ తర్వాత పాపకు కావాల్సిందీ అదే. ఆ పుస్తకం మీరొక్కరే కూర్చుని రాయకండి. పాపకు ఆదివారం సెలవు కదా. టేపు ఒక చివర ఆమె పట్టుకుంటుంది, మీరు చెబుతుంటే ఆమె రాస్తుంది. వరసలో మొదటిది 18 వేల బొమ్మ. చాటలో తునికాకు, పక్కన కత్తెర, దారం పట్టుకున్న వేళ్లు. దీన్ని ఎందుకు కొన్నావమ్మా అని ఆమె ఎలాగూ అడుగుతుంది.